తాతకు నీళ్లు ఎవరు పోస్తారు?

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మాది మర్రిగూడ వైపు ఒక పల్లె. పెళ్లయి అత్తగారింటికి వచ్చాక నేను బాప్తిస్మం తీసుకున్నాను. మా నాయిన మాత్రం చివరిదాకా ఎల్లమ్మకు మొక్కిన మనిషే. బోరు నీళ్ల ఫ్లోరైడుతో నడుము ఒంగిపోయింది, మెడ తిరిగేది కాదు. అయినా సైకిల్ క్యారియర్‌కు అటొకటి ఇటొకటి క్యాన్లు కట్టుకొని ట్యాంకర్ ఆగే చోటికి పోయి, మంచినీళ్లు తెచ్చి మా వాడలో లేవలేని ముసలోళ్ల బిందెల్లో పోసి వచ్చేవాడు. ఎవరి దగ్గరా ఒక్క రూపాయి తీసుకోలేదు. మొన్న ఎండాకాలంలో చనిపోయాడు. మా అత్తగారింట్లో ఆదరణ కూడిక పెట్టారు. వచ్చిన ప్రసంగీకుడు మైకులో, రక్షణ లేకుండా పోయిన ఆ మనిషి ఈ క్షణాన అగ్నిలో ఉన్నాడు, ధనవంతుడిలా చుక్క నీళ్ల కోసం అరుస్తున్నాడు అన్నాడు. అప్పటి నుంచి మా ఏడేళ్ల పాప "అమ్మా, తాతకు నీళ్లు ఎవరు పోస్తారు?" అని అడుగుతోంది. అదే నెలలో మా ఊళ్లో వడ్డీలకు తిప్పి ఎంతోమంది పాసుబుక్కులు గుంజుకున్న ఒకాయన ఆస్పత్రి మంచం మీద బాప్తిస్మం తీసుకొని పోయాడు. ఆయన పరదైసులో ఉన్నాడని అదే ప్రసంగీకుడు చెప్పాడు. ఇదేం న్యాయం? దుర్మార్గులు నిజంగా ఎప్పటికీ కాలుతూనే ఉంటారా? పెత్రమాసకు నాయిన పేరు మీద బియ్యమిస్తున్నాం, రమ్మని అన్న పిలుస్తున్నాడు. పోతే పాపమా? నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, మీ నాయిన ఈ క్షణాన ఎక్కడున్నాడో మైకులో ప్రకటించే అధికారం ఆ ప్రసంగీకుడికి ఏ సంఘమూ ఇవ్వలేదు, బైబిలూ ఇవ్వలేదు. మిగతా సంగతుల్లో క్రైస్తవుల మధ్య ఎన్నో వాదాలున్నాయి, అవీ చెబుతాను. ఈ ఒక్క విషయంలో మాత్రం తటపటాయించాల్సిన పని లేదు.

ముందు ఆయన ఎత్తుకున్న కథే చూద్దాం. లూకా సువార్త 16వ అధ్యాయం. ఊదారంగు బట్టలు, సన్నపు నార బట్టలు కట్టుకొని రోజూ విందులు చేసుకునే ధనవంతుడొకడు. అతని వాకిట్లోనే ఒళ్లంతా కురుపులతో పడి ఉండే లాజరు. ఇద్దరూ చనిపోయారు. ధనవంతుడు యాతనలో నుంచి అబ్రాహామును చూసి, వేలి కొనను నీళ్లలో ముంచి నా నాలుక చల్లార్చడానికి లాజరును పంపు అని వేడుకున్నాడు. ఆ ధనవంతుడు చేసిన నేరమేమిటి? అతను వేరే దేవుడికి మొక్కాడని అక్కడ లేదు. పైగా "తండ్రివైన అబ్రాహామా" అని పిలుస్తున్నాడంటే పుట్టుకతోనే దేవుని ప్రజల్లో ఒకడు. వాకిట్లో పడి ఉన్న మనిషిని రోజూ దాటుకుంటూ పోయాడు, అంతే. అదే అధ్యాయంలో కొంచెం పైన, ధనాపేక్షగల పరిసయ్యులు యేసు మాటలు విని ఎగతాళి చేశారని లూకా రాశాడు. వాళ్లకు తగిలేలా చెప్పిన కథ అది. మరి వంగిన నడుముతో పక్కింటి ముసలమ్మ బిందె నింపిన మనిషిని తీసుకుపోయి ఆ ధనవంతుడి చోట నిలబెట్టడమేమిటి? కథలో అలాంటి మనిషి ఒక్కడుంటే లాజరు ఆ వాకిట్లో ఆకలితో చచ్చేవాడే కాదు. ఆ ప్రసంగీకుడు ఏ ఉద్దేశంతో అన్నాడో నాకు తెలియదు, బహుశా మిమ్మల్నందరినీ భయపెట్టి దారికి తేవాలనుకున్నాడేమో. వాక్యం మాత్రం తలకిందులైంది.

అలాగని ఆ కథలో యాతన లేదని నేననను. ఉంది. నరకం గురించి పాత నిబంధనలో కంటే యేసు నోటి నుంచే ఎక్కువ విన్నాం, దాన్ని దాచిపెట్టడం నిజాయితీ కాదు. అట్లనే మీ నాయిన పరలోకంలో ఉన్నాడని నేను సంతకం పెట్టి కాగితం ఇవ్వలేను. ఆయన మీద తీర్పు చెప్పే కుర్చీ ఆ ప్రసంగీకుడిది కాదన్నాక, నాది మాత్రం ఎట్లవుతుంది?

నేను పాలమూరులో మెనోనైట్ అనే ప్రొటెస్టెంట్ శాఖకు చెందిన ఇంట్లో పుట్టిన మనిషిని. చిన్నప్పుడు మా సండే స్కూల్ గోడకు విశాల మార్గం, ఇరుకు మార్గం పటం ఉండేది. విశాల మార్గం చివర మంటలు. ఆ మంటల్లో ఉన్న చిన్న చిన్న మనుషుల్లో మాకు తెలిసిన మొహం ఏదైనా ఉందా అని వెతుక్కునేవాళ్లం. అందుకే మీ పాప అడిగింది నాకు బాగా అర్థమవుతుంది.

ఇక అసలు ప్రశ్న: దుర్మార్గులు ఎప్పటికీ కాలుతూనే ఉంటారా? దీనికి సమాధానం చెప్పాలంటే, చావు తర్వాత మనిషికి ఏమవుతుందని క్రైస్తవం నమ్ముతుందో ముందు చెప్పుకోవాలి. ఆత్మకు చావు లేదు, ఆయుధాలు కోయలేవు, నిప్పు కాల్చలేదు అనే మాట మన పల్లెల్లో శవాన్ని తీసుకుపోయే బండి మైకులో కూడా వినిపిస్తుంది. క్రైస్తవుల్లోనూ చాలామంది తమ విశ్వాసం అదేననుకుంటారు. బైబిలు నొక్కి చెప్పేది వేరు. అమరత్వం దేవుడొక్కడికే ఉందని పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక చివర్లో ఉంది. మనుషులకు అది పునరుత్థానంలో దొరుకుతుంది. క్షయమైన శరీరం అక్షయతను ధరించుకోవాలని కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయం చెబుతుంది. అంటే చావులేనితనం మన సొంత ఆస్తి కాదు, దేవుడు ఇచ్చేది. ఆత్మ తనంతట తానే నాశనం లేనిదన్న ఆలోచన ప్లేటో వంటి గ్రీకు తత్వవేత్తలకు బాగా ఇష్టమైనది. తొలి శతాబ్దాల సంఘ పెద్దల్లో చాలామంది దాన్ని పునరుత్థానంతో కలిపి బోధించారు. ఆత్మ అమరమని కతోలిక సభ 1513లో ఐదవ లాటరన్ మహాసభలో అధికారికంగానే ప్రకటించింది.

ఇక్కడి నుంచే దారులు చీలాయి. దేవుడు ఇస్తేనే అమరత్వం అయితే, దుర్మార్గుడికి కూడా ఇస్తాడా, శిక్షించడానికే అతన్ని శాశ్వతంగా బతికించి ఉంచుతాడా?

ఉంచుతాడు, శిక్షకు అంతం లేదు అన్నది ఎక్కువమంది క్రైస్తవుల బోధ. 5వ శతాబ్దంలో అగస్టీన్ "దేవుని నగరం" గ్రంథం 21వ భాగమంతా దీనికే కేటాయించాడు. నరకం ఎప్పటికో ఒకనాటికి ముగుస్తుందని నమ్మే జాలిగుండె క్రైస్తవులు ఆ రోజుల్లోనే ఉన్నారు, వాళ్లతోనే ఆయన వాదన. ఆయన ప్రధాన ఆధారం మత్తయి 25లోని చివరి వాక్యం: వీరు నిత్యశిక్షకు, నీతిమంతులు నిత్యజీవానికి పోతారు. జీవం ఎంతకాలమో శిక్షా అంతకాలమే అన్నాడు. ఆ వాదనను తేలిగ్గా తోసేయలేం. కతోలికులు, మన జిల్లాల్లోని బాప్టిస్టులు, మెనోనైట్ బ్రెదరెన్ సంఘాలు, ఎక్కువ భాగం పెంతెకొస్తు సంఘాలు ఈ పక్షమే. మీ ప్రసంగీకుడు కూడా.

రెండో పక్షం వాళ్లు, దుర్మార్గులు తీర్పు పొంది, శిక్ష అనుభవించి, చివరికి లేకుండా పోతారంటారు. పాపానికి జీతం మరణం అని రాసి ఉంది కదా, అంతులేని యాతన అని లేదు కదా అని వీళ్ల వాదన. ఆత్మనూ దేహాన్నీ కూడా నరకంలో నశింపజేయగలవాడికి భయపడండి అని యేసు మత్తయి 10లో అన్నాడు. ప్రకటన 20లో మరణమూ పాతాళమూ కూడా అగ్నిగుండంలో పడతాయి, దాన్నే రెండవ మరణం అన్నారు. 4వ శతాబ్దం మొదట్లో ఆర్నోబియస్ అనే ఉత్తర ఆఫ్రికా రచయిత ఇలాంటి మాటే రాశాడు. సెవెంత్ డే అడ్వెంటిస్టుల బోధ ఇదే. ఇవాంజెలికల్ లోకంలో ఎంతో గౌరవం ఉన్న ఆంగ్లికన్ బోధకుడు జాన్ స్టాట్ 1988లో తాను కూడా ఇటు మొగ్గుతున్నానని అచ్చులో చెప్పినప్పుడు పెద్ద దుమారమే లేచింది.

మూడో పక్షం చిన్నది గానీ పాతది. శిక్ష శుద్ధి చేయడానికే, చివరికి అందరూ దేవుని దగ్గరికి చేరతారు అన్నది దాని ఆశ. 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాకు చెందిన ఓరిగెన్ పేరు దీనికి అతుక్కుపోయింది. ఆయన బోధలను 553లో కాన్‌స్టాంటినోపుల్ మహాసభ కాలంలో ఖండించారు. విచిత్రమేమిటంటే, దాదాపు ఇదే ఆశ వెలిబుచ్చిన నిస్సా గ్రెగొరీని మాత్రం సంఘం పునీతుడిగానే ఉంచుకుంది.

నన్నడిగితే నా మనసు రెండో పక్షం వైపే. అంతులేని యాతనతో దేవుని న్యాయం ఎక్కడ నెరవేరుతుందో నాకు కనపడదు. కానీ మత్తయి 25లోని ఆ చివరి వాక్యం దగ్గరికి వచ్చేసరికి నా దగ్గర గట్టి జవాబు లేదు, అందుకని దీన్ని ప్రసంగ వేదిక మీద సిద్ధాంతంగా చెప్పను. మీరు నాతో ఏకీభవించాలనీ లేదు. గమనించాల్సింది ఒకటుంది. మూడు పక్షాల్లో ఏది నిజమైనా, ఫలానా మనిషి నరకంలో ఉన్నాడని పేరు పెట్టి చెప్పే వీలు మనకు రాదు. నిత్యశిక్షను గట్టిగా బోధించే కతోలిక సభ వేలమందిని పునీతులుగా ప్రకటించింది గానీ, ఈయన నరకంలో ఉన్నాడని ఒక్కరి గురించి కూడా ఇంతవరకు ప్రకటించలేదు. ఆదరణ కూడికలో అలా చెప్పడం విచారణ కాకముందే తీర్పు కాపీలు పంచడం లాంటిది.

యేసు పేరు ద్వారా తప్ప రక్షణ లేదు కదా అని మీ ఇంట్లో ఎవరైనా అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయం చూపిస్తారు. నిజమే, ఆ మాట నేనూ నమ్ముతాను. రక్షణ ఎవరి వల్ల వస్తుందో ఆ వాక్యం చెబుతుంది. ఆయన ఎవరెవరిని ఎలా చేరుకుంటాడో ఆ పట్టీ మన చేతికివ్వలేదు. ధర్మశాస్త్రం లేని అన్యజనుల మనస్సాక్షే వాళ్లకు సాక్ష్యం చెబుతుందని రోమా పత్రిక 2లో ఉంది. తమ తప్పు లేకుండా సువార్త ఎరుగక, మనస్సాక్షి చెప్పినట్టు నడిచినవాళ్లకు రక్షణ అందవచ్చని కతోలిక సభ 1964లో రెండవ వాటికన్ మహాసభలో రాసుకుంది. ప్రొటెస్టెంట్లలో అందరూ అంత దూరం రారు. ఇంకో మాట. అదే మత్తయి 25లో గొర్రెల్నీ మేకల్నీ వేరు చేసేటప్పుడు రాజు అడిగేవేమిటో చూడండి: "నేను ఆకలిగొంటిని, మీరు నాకు భోజనము పెట్టితిరి; దప్పిగొంటిని, నాకు దాహమిచ్చితిరి." కుడివైపు వాళ్లు ఆశ్చర్యపోయి, ప్రభువా, నీకు ఎప్పుడిచ్చాం అని అడుగుతారు. తాము ఎవరికి ఇచ్చారో వాళ్లకే తెలియదు! ఈ "అల్పులైన సహోదరులు" అంటే యేసు శిష్యులే అని కొందరు పండితుల వాదన, అది కూడా చెప్పడం నా బాధ్యత. కానీ మర్రిగూడ వైపు మంచినీళ్లు మోసిన మనిషి కూతురికి ఆ అధ్యాయం చదివి వినిపించకుండా లూకా 16 మాత్రం వినిపించడం నాకు మింగుడు పడలేదు.

మీ ఒక్కరి కష్టమే కాదమ్మా ఇది. మిషనరీలైన అబ్రహాం ఫ్రీసన్ దంపతులు నల్లగొండకు వచ్చింది 1890 ప్రాంతంలో. పాలమూరులో మిషన్ అంతకు కొద్దిగా ముందు మొదలైంది. అంటే ఈ రెండు జిల్లాల్లో ఏ క్రైస్తవ కుటుంబం తీసుకున్నా, నాలుగైదు తరాలు వెనక్కి పోతే బాప్తిస్మం మాట కూడా వినకుండా మట్టిలో కలిసిన తాత ముత్తాతలే. ఆ ప్రసంగీకుడి ముత్తాత కూడా బహుశా వాళ్లలో ఒకడే. వాళ్లందరి గురించీ ఆయన మైకులో అలాగే చెబుతాడా?

వడ్డీ వ్యాపారి సంగతికి వద్దాం. మీ కోపం నాకు తప్పుగా అనిపించడం లేదు. నరకమే లేదు, అందరూ మంచివాళ్లే అని చల్లగా చెప్పే బోధ నాకెప్పుడూ నచ్చదు. వెట్టి చేసిన నేల ఇది. 1946లో కడివెండిలో దొడ్డి కొమరయ్య తూటాలకు పడిపోయినప్పుడు ఆ ఊరు నల్లగొండ జిల్లాలోనే ఉండేది. ఎంతమంది భూములు మింగి, ఎంతమంది వీపులు చీల్చి, పట్టుపరుపుల మీద హాయిగా కన్నుమూసిన దొరల కథలు మన ముసలోళ్లు చెప్పగా విన్నాం. అలాంటి చోట, చివరికొక తీర్పు ఉంది, పుస్తకాలు విప్పుతారు, ఎవరి క్రియల చొప్పున వాళ్లకు అన్న మాట బెదిరింపుగా వినపడదు. ఏ కోర్టూ వినని మొర ఒకరు విన్నారని వినపడుతుంది. ప్రకటన 6లో హతసాక్షులు ఎంతకాలం ప్రభువా అని అడిగేది ఈ తీర్పు కోసమే. నరకం బోధను బలహీనుల మీదికి తిప్పడం మనం చేసిన పాడుపని. బైబిల్లో అది చాలాసార్లు బలిసినవాళ్ల వైపే తిరిగి ఉంటుంది.

ఆయన చివరి నిమిషంలో మారాడా? మారి ఉండవచ్చు. సిలువ మీద దొంగకు దొరికింది ఆయనకు దొరకకూడదని నేననలేను. ద్రాక్షతోటకు పొద్దు గూకే వేళ వచ్చిన కూలీకి కూడా యజమాని పూర్తి కూలి ఇచ్చాడు, పొద్దుట్నుంచి పనిచేసినవాళ్లు సణిగారు. మీ సణుగుడూ అలాంటిదే, అది సహజం. కానీ మారుమనస్సుకు తగిన ఫలాలు ఫలించమని బాప్తిస్మమిచ్చు యోహాను అడిగాడు. జక్కయ్య లేచి నిలబడి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. ఆ వడ్డీ వ్యాపారి మంచం మీదే పోయాడు, ఆయనకు సమయం లేకపోయింది. కొడుకులకు ఉంది. ఆ పాసుబుక్కులు, ప్రామిసరీ నోట్లు ఇప్పటికీ వాళ్ల బీరువాలోనే ఉన్నాయి కదా? పరదైసు గురించి ప్రకటన చేసిన ప్రసంగీకుడు ఆ బీరువా గురించి కూడా ఒక మాట అని ఉంటే నేను సంతోషించేవాణ్ని.

పాపకు ఏం చెప్పాలి? ఏడేళ్ల పిల్లకు మూడు పక్షాలూ అక్కర్లేదు. తాత దేవుని చేతిలో ఉన్నాడని చెప్పండి, దేవుడు తాత కంటే మంచివాడని చెప్పండి. ఇది పిల్లను ఊరడించడానికి అల్లిన మాట కాదు. చెడ్డవారైన మీరే మీ పిల్లలకు మంచి ఈవులు ఇవ్వగలిగితే మీ తండ్రి ఎంత ఎక్కువ ఇస్తాడు అని యేసు అన్న మాటే. ముసలోళ్ల దాహం చూడలేని తాత కంటే దేవుడు కఠినుడని ఆ పిల్ల మనసులో పడితే, తర్వాత ఎన్ని వాక్యాలు కంఠస్థం చేయించినా లాభం లేదు. సర్వలోకానికి తీర్పు తీర్చేవాడు న్యాయం చేయడా అని అబ్రాహాము దేవుణ్నే నిలదీశాడు. పెద్దయ్యాక ఆ ప్రశ్న అడగడం కూడా నేర్పండి.

మీ సంఘ కాపరిని, మీ ఆయనను వెంటబెట్టుకొని, ఆదివారం హడావుడిలో కాకుండా మామూలు రోజున కలవండి. పాప అడిగింది అడిగినట్టు ఆయనకు చెప్పండి, వాదనకు దిగొద్దు. చాలామంది కాపరులు మంచివాళ్లే. బయటి నుంచి వచ్చినవాళ్లు మైకులో ఏం మాట్లాడారో వాళ్లకు ఒక్కోసారి ఆలస్యంగా తెలుస్తుంది. ఇకముందు ఏ ఇంట్లో కూడిక జరిగినా, మాట్లాడే మనిషికి ముందుగానే ఒక మాట చెప్పి ఉంచమని ఆయన్నే అడగండి.

నిద్ర సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. నాయిన పోయిన దుఃఖం ఒకటి, దాని మీద ఈ టెన్షన్. వారాల తరబడి ఇలాగే ఉంటే డాక్టరుకు చూపించుకోండి. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్‌లో తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. ప్రార్థన చేసుకుంటూనే ఇది కూడా చేయవచ్చు.

పెత్రమాసకు పోండి. మీ అమ్మ ఆ రోజు ఒంటరిగా కూర్చుంటుంది, ఆమె పక్కన కూర్చోవడం ఏ వాక్యంతోనూ పాపం కాదు. చనిపోయినవాళ్లకు చేరుతుందని బియ్యమివ్వడం మీ మనస్సాక్షి ఒప్పుకోకపోతే ఆ పని అన్ననే చేయనివ్వండి, మీరు పక్కన నిలబడితే చాలు. భోజనానికి పిలిస్తే వడ్డించింది మనస్సాక్షి నిమిత్తం విచారించకుండా తినమని కొరింథులోని విశ్వాసులకు పౌలు రాశాడు. విగ్రహానికి అర్పించిందని ఎవరైనా చెబితే తినవద్దని కూడా అక్కడే రాశాడు, కాబట్టి ఆ ఒక్కటీ ముందే వదినతో మాట్లాడుకోండి. మీ తరఫున ఏదైనా ఇవ్వాలనిపిస్తే, నాయిన నీళ్లు పోసిన ఇళ్లలో ఎవరెవరు మిగిలారో చూసి, వాళ్లకే బియ్యమో కూరగాయలో ఇచ్చి రండి. దానికి మీ అత్తమ్మకు కూడా అభ్యంతరం ఉండదనుకుంటాను. అన్నకు మాత్రం అమావాస్య ముందు రోజు దాకా ఆగకుండా ఇప్పుడే ఫోన్ చేసి, నేను వస్తాను గానీ బియ్యం మాత్రం నువ్వే ఇవ్వాలి అని చెప్పండి. అప్పటికప్పుడు అందరి ముందు కాదంటే ఆయనకు చిన్నతనంగా ఉంటుంది.